చిక్కుడు పాదు కేసు

"ఏవండీ, ఆ డబ్బా కింద పెట్టండి!"

లిడియా చిక్కుడు పందిరికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. ఎదురుగా ఆమె భర్త దేవదానం, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, పురుగుమందు నింపిన స్ప్రేయర్ గురిపెట్టి ఉన్నాడు.

"తప్పుకో లిడియా. ఇంక వేరే దారి లేదు."

"ఒక్క చుక్క పడిందా, నా మాట పోయినట్టే!"

ఆ మాట చిన్నది కాదు. వచ్చే ఆదివారం చర్చిలో కోత పండుగ. ఎవరి పెరట్లో పండింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. మందు తగలని చిక్కుళ్లు గంపెడు తెస్తానని స్త్రీల సమాజంలో లేచి నిలబడి మరీ చెప్పింది లిడియా. ఇప్పుడు చూస్తే తీగంతా నల్లగా పేనుబంక. వేపనూనె కొట్టింది, బూడిద చల్లింది. తగ్గినట్టే తగ్గి రెట్టింపవుతోంది. ఉన్నది ఎనిమిది రోజులు.

దేవదానం స్ప్రేయర్ దించాడు. "అసలిది పురుగు పని కాదు, మనిషి పని. గోడవతల పాదు చూడు. అదే విత్తనం, అదే నేల. నిగనిగలాడుతోంది. ఎలా?"

గోడవతల ఉండేది భీమశంకరం. పెదపాడులో చేపల చెరువు, ఏలూరులో ఇల్లు. ఆ పెద్దమనిషే పురుగును గోడ మీంచి ఇటు తోలుతున్నాడని మొన్న దేవదానం వీధిలో నిలబడి నాలుగిళ్లకు వినబడేలా ప్రకటించాడు. అప్పట్నుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

తొమ్మిది గంటల బస్సుకు పెర్సిస్ దిగింది. లిడియా తమ్ముడి కూతురు. తాడేపల్లిగూడెం దగ్గర హార్టికల్చర్ చదువుతోంది. అత్త ఫోనులో ఏడ్చినంత పని చేసేసరికి పరుగున వచ్చింది. మావయ్య వాదనంతా విని నవ్వింది.

"ఆధారాలున్నాయా మావయ్యా?"

దేవదానం ఓ పెద్ద గాజు సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సబ్బునీళ్లలో నల్లటి పురుగులు తేలుతున్నాయి. ఒంటినిండా ముళ్లు, వీపు మీద నారింజ మచ్చలు.

"ఇదీ ముఠా. పదిహేను రోజులుగా పొద్దున్నే గ్లౌజు వేసుకుని ఒక్కొక్కణ్ణే పట్టాను. రెండు వందల పద్నాలుగు! ముప్పై ఏళ్ల సర్వీసమ్మా. మొహం చూస్తే చెప్పేస్తాను, ఎవడు దొంగో."

పెర్సిస్ సీసా ఎత్తి వెలుతురులో చూసింది. నవ్వు మాయమైంది.

"మావయ్యా, ఇవి అక్షింతల పురుగు పిల్లలు."

"అక్షింతల పురుగు నాకు తెలీదా? ఎర్రగా, గుండ్రంగా, ముద్దొస్తూ ఉంటుంది."

"ముద్దొచ్చేది పెద్దయ్యాక. చిన్నప్పుడు ఇదే అవతారం. ఒక్కోటీ రోజుకి పాతిక, ముప్పై పేనుబంక పురుగుల్ని తినేస్తుంది. మీరు పట్టింది దొంగల్ని కాదు మావయ్యా. పోలీసుల్ని."

గోడ మీంచి ఓ బట్టతల పైకి లేచింది.

"అలాంటివి మా పాదు మీద బోలెడున్నాయమ్మా. ఏరెయ్యమని మా ఆవిడ రోజూ పోరుతూనే ఉంది. నేనే బద్ధకించాను," అన్నాడు భీమశంకరం.

"ఆ బద్ధకమే మీ పాదును కాపాడిందండీ," అంది పెర్సిస్. "అత్తా, ముందు పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి బంక కడిగేద్దాం. ఆ పిల్లల్ని ఓ యాభై తెచ్చి వదిలితే పైనున్న పిందెలు నిలుస్తాయి. ఆదివారానికి గంప నిండుతుంది."

లిడియా గోడ దగ్గరకు పరుగెత్తింది. "అన్నయ్యగారూ, ఓ యాభై ఇప్పించండి!"

"యాభై ఏంటమ్మా, వంద పట్టుకెళ్లండి. కాకపోతే మొన్న మీ ఆయన వీధిలో నా పేరు చెప్పారు కదండీ. అదే వీధిలో, అంతే గట్టిగా, అసలు ముద్దాయి పేరు కూడా చెప్పాలి. ఆ తర్వాతే పురుగు గోడ దాటుద్ది."

దేవదానం గేటు తీసుకుని వీధిలోకి నడిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"దర్యాప్తులో తేలిందేమిటంటే... ఎవరో గుర్తు తెలియని వ్యక్తి..."

"పేరండీ!" అన్నాడు భీమశంకరం.

"విచారణ ఇంకా కొనసాగుతున్నందున..."

ఎదురింటి సూర్యకాంతం ఊడ్చే చీపురు ఆపేసి చెవి ఇటు పెట్టింది. భీమశంకరం తల మెల్లగా గోడవతలకి దిగిపోసాగింది. దాంతోపాటే లిడియా గంప, స్త్రీల సమాజంలో ఇచ్చిన మాట, అన్నీ దిగిపోతున్నాయి.

లిడియా కొంగు బిగించింది.

పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. బ్యాంకులో ఫారం నింపేటప్పుడైనా, ఆస్పత్రిలో చీటీ రాయించేటప్పుడైనా పక్కవాళ్ల చేత చెప్పించిందే తప్ప, భర్త పేరు ఆమె నోట ఎన్నడూ పలకలేదు. గబగబా వీధిలోకి వెళ్లి, ఆయన్ని పక్కకు జరిపి, వీధి చివరిదాకా వినబడేలా గొంతెత్తింది.

"దేవదానం!"