మైకు ముందర రాబిన్

మా తమ్ముడు రాబిన్ నోరు మూతపడేది నిద్రలోనే. అదీ నమ్మకం లేదు. ఇంత వాగుడున్నవాడికి బళ్ళారిలో ఏదో ఒక పని దొరక్కపోదని మా అమ్మ అనేది. అమ్మ పోయాక ఆ పని దొరికింది. ఇనుప ఖనిజం ధర ఆకాశాన్నంటి, నిన్నటిదాకా సైకిల్ తొక్కినవాడు ఇవాళ లారీ ఓనరైపోతున్న రోజులవి. చేతిలో డబ్బాడేవాళ్ళందరూ క్రికెట్ టోర్నమెంట్లు పెట్టేవారు. టెన్నిస్ బంతి, పెద్ద షామియానా, గెలిచిన జట్టుకు మోటారు సైకిలు. కేబుల్ ఎర్రప్ప ఆ ఆటల్ని తన సొంత చానెల్లో లైవ్ ఇచ్చేవాడు. స్కూల్లో డ్రిల్లు మాస్టరైన మా రాబిన్ శనివారం మధ్యాహ్నాలు ఆ చానెల్లో కామెంటేటరు.

వాడి కామెంటరీ సగం తెలుగు, సగం కన్నడం, మిగతాది అల్లరి. ప్రతి ఆటగాడికీ ఒక పేరు పెట్టేవాడు. లావుపాటి బ్యాట్స్‌మన్ జేసీబీ. ఎప్పుడో ఒకసారి మాత్రమే పరుగులిచ్చే బౌలరు మునిసిపాలిటీ కుళాయి. జనానికి ఆటకంటే ఇదే ఇష్టం. కూరగాయల దగ్గరా, బస్టాండులోనూ రాబిన్ అక్కనని తెలిస్తే నాకు ప్రత్యేకంగా మర్యాద దొరికేది. కాదనను, నాకూ బాగానే ఉండేది.

సెమీఫైనల్ రోజు నేను ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. నేను స్టాఫ్ నర్సుని. రోగుల వెంట వచ్చినవాళ్ళు కూర్చునే హాల్లో ఒక టీవీ ఉండేది. ఆ రోజు మా ఆయా యల్లమ్మ ఆ హాలు వదలలేదు. తుడిచిన నేలనే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. ఎందుకంటే రూపనగుడి జట్టులో ఫాస్ట్ బౌలరు హొన్నూరప్ప ఆమె కొడుకు. వారమంతా సండూరు కొండల నుంచి ఖనిజం లారీ తోలి, శనివారం వస్తే దుమ్ము కడుక్కుని బంతి పట్టేవాడు. ఆ ఒక్క పూటే అతను నవ్వగా చూశానని యల్లమ్మ నాతో అనేది.

ఆ రోజు హొన్నూరప్ప ఒక తేలిక క్యాచ్ వదిలేశాడు. మా రాబిన్ మైకులో ఒక మాట అన్నాడు. ఏం మాట అని అడక్కండి, రాయను. హొన్నూరప్ప కులం పేరుకు తోక తగిలించి, ఆ చేతులు బంతి పట్టడానికి పుట్టినవి కావన్నాడు. పక్కన కూర్చున్న రెండో కామెంటేటరు, ఒక బట్టల కొట్టు ఓనరు కొడుకు, కడుపు పట్టుకుని నవ్వాడు. హాల్లోనూ కొందరు నవ్వారు. తర్వాత ఎవరో యల్లమ్మ వైపు చూశారు, నవ్వు ఆగిపోయింది.

గ్రౌండులో లౌడ్ స్పీకర్లు ఉన్నాయి కనుక హొన్నూరప్పకూ వినపడింది. ప్యాంటుకు చేతులు తుడుచుకుని, షామియానా వైపు ఒకసారి చూసి, గ్రౌండు దాటి వెళ్ళిపోయాడు. మిగిలిన పదిమందితోనే వాళ్ళ జట్టు గెలిచింది. యల్లమ్మ గుడ్డను బకెట్లో పిండి, లోపలి వార్డుకు వెళ్ళింది. నాకు తల ఎత్తడానికి మొహం చెల్లలేదు.

సాయంత్రానికి ఊరు రెండు ముక్కలైంది. దళిత సంఘాల కుర్రాళ్ళు కేబుల్ ఆఫీసు ముందర కూర్చుని, కామెంటేటర్ని తీసెయ్యాలన్నారు. ఇంకో పక్క టీ కొట్ల దగ్గర, "సుమ్నె, ఊరికే జోకప్పా, అందరికీ పేర్లు పెడ్తాడు, వాళ్ళకే రోషమొచ్చిందా?" అనేవాళ్ళు. రాబిన్‌ను వెనకేసుకొచ్చిన ఈ రెండో రకంవాళ్ళను నేను బాగా ఎరుగుదును. ఆ మాట వాళ్ళ ఇళ్ళల్లో రోజూ వాడుకలో ఉండేదే. ఎర్రప్ప మాత్రం చల్లగా ఉన్నాడు. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే విచారిస్తున్నామని టీవీ అడుగున ఒక లైను నడిపించాడు. ఆ వెనకే బియ్యం కొట్టు ప్రకటన నడిచింది. రాబిన్‌కు ఫోన్ చేసి, "ఏం దిగులు పడొద్దు రాబినప్పా, ఫైనల్ చూసేవాళ్ళు ఇంకా పెరుగుతారు" అన్నాడు.

"నేను బేకంత, కావాలని అన్లేదక్కా, నోట్లోంచి వచ్చేసినాది" అన్నాడు రాబిన్ ఇంటికొచ్చి.

"వచ్చేదానికి లోపల ఉండాల కదరా!" అన్నాను. వాడు అన్నం ముట్టలేదు. నేనూ బతిమాలలేదు.

మా మిషన్ చర్చి సంఘంలో ముత్తాతల నాటి పద్ధతి ఒకటుంది. తప్పు చేసినవాడు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారానికి ముందు అందరి ఎదుట నిలబడి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే సంఘం లేచి నిలబడి కీర్తన పాడుతుంది. అంతటితో ఆ తప్పు కొట్టేసినట్టే, తర్వాత ఎవరూ ఎత్తకూడదు. మరునాడు ఆదివారం రాబిన్ లేచి నిలబడ్డాడు. ఏడుస్తూనే ఒప్పుకున్నాడు. పాస్టరు అయ్యగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించారు. సంఘమంతా పాడింది. మా నాన్న జ్ఞానశేఖర్, రిటైరైన హెడ్మాస్టరు, చర్చిలోనే కొడుకును కౌగిలించుకున్నారు. నాకూ గుండె బరువు దిగింది. సోమవారం ఆ శుభవార్త మోసుకుని యల్లమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"మా వాడు తప్పు ఒప్పుకున్నాడు యల్లమ్మా. అందరి ముందరా ఏడ్చినాడు."

"యాడ సిస్టరమ్మా?"

"చర్చిలో."

యల్లమ్మ దుప్పటి మడత పెడుతూ నెమ్మదిగా అంది. "మంచిదే. కానీ మావోడు చర్చికి రాడు కదమ్మా. ఇంట్లో గోడకు మొకం పెట్టుకోని పండుకోనుండాడు. బంతి పొయ్యిలో ఏసినాడు. ఇంక ఆడేదే లేదంటాండాడు."

ఆ మాటతో నాకు నిజంగా సిగ్గేసింది. దేవుడికి చెప్పాం, సంఘానికి చెప్పాం, మాలో మేమే పాడుకుని మాలో మేమే క్షమించుకున్నాం. మాట పడ్డవాణ్ణి ఒక్కణ్ణే వదిలేశాం. ఇంత చక్కటి పొరపాటు మా మిషన్ కాంపౌండువాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

సాయంత్రమే రాబిన్‌ను బస్సెక్కించి రూపనగుడి తీసుకుపోయాను. హొన్నూరప్ప గడ్డం మాసి ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి మంచం వాల్చాడు. కాళ్ళు పట్టుకోబోయిన రాబిన్‌ను భుజం పట్టి లేపాడు.

"అదేం వద్దు రాబినప్పా. కూకో."

"తప్పైపోయినాది. నువ్వు ఫైనల్‌కు రావల్ల. నువ్వు రాకుంటే నేను మైకు ముట్టను."

"నువ్వు ముట్టకుంటే ఇంకొకడు ముడ్తాడు. దాన్తో నాకేమొస్తాది?" ఆ తర్వాత అడిగాడు. "మీ తాత హులిగప్ప యాడోడప్పా?"

రాబిన్ నావైపు చూశాడు. మా తాత ఆ వీధివాడే, ఊళ్ళో కేరి అని పిలిచే ఆ వాడలోనివాడే. మిషన్ బడిలో చేరాక పేరు మారింది, ఊరు మారింది. యల్లమ్మ మామా, మా తాతా అన్నదమ్ముల బిడ్డలు. ఇది మాకు తెలియని సంగతి కాదు, చెప్పుకోని సంగతి. మా సర్టిఫికెట్లలో క్రిస్టియన్ అని ఉంటుంది. బళ్ళారిలో మమ్మల్ని చర్చివాళ్ళు, స్కూలువాళ్ళు అంటారు. అంతకు మించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

"ఈ కేరోడే" అన్నాడు రాబిన్.

"అది నీకు తెల్సు, నాకు తెల్సు. టీవీ చూసినోళ్ళకు తెల్దు. వాళ్ళ లెక్కలో ఆ మాట కింద నేనొక్కన్నే ఉండాను. నువ్వు ఎగువన నిలబడి నగుతాండావు. ఇప్పుడు నేను గ్రౌండుకొస్తే నా బౌలింగ్ ఎవుడు చూస్తాడప్పా? ఆ మాటనే చూస్తారు. నువ్వూ కిందికి దిగు. ఏ మైకులో అన్నావో ఆ మైకులోనే చెప్పు, నువ్వూ ఈ కేరోడివేనని. అప్పుడొస్తా."

కోపంగా అనలేదు. లారీకి లోడు ఎంతో చెప్పినట్టు చెప్పాడు. యల్లమ్మ టీ ఇచ్చింది, తాగి వచ్చేశాం.

నాన్న విని కుర్చీలోంచి లేచారు. "మా నాయన ఆ కేరి నుంచి ఉత్త కాళ్ళతో నడిచొచ్చినాడు. నువ్వు పోయి మైకులో అరిచేదానికా? ఆ మాట మన గడప తొక్కకూడదనే నేను మీకు యా దినమూ చెప్పలేదు."

"తొక్కింది కద నాన్నా, నా నోట్లోనే ఉండినాది" అన్నాడు రాబిన్.

నాన్న ఆ రోజు నుంచి తన కంచం గదిలోకి తెప్పించుకున్నారు. వాడితో మాట్లాడలేదు.

ఫైనల్ రోజు హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. గొడవ జరుగుతుందని ఆశపడి వచ్చినవాళ్ళే ఎక్కువ. యల్లమ్మ, నేను గోడకానుకుని నిలబడ్డాం. టాస్ అయ్యాక రాబిన్ మైకు తీసుకున్నాడు. వాడి మొహంలో ఎప్పుడూ ఉండే అల్లరి లేదు.

"ఆటకు ముందర ఒక మాట. పోయిన శనివారం హొన్నూరప్పను నేనొక మాటన్నాను. అది జోకు కాదు, తప్పు. ఇంకోటి కూడా చెప్పల్ల. రూపనగుడిలో హొన్నూరప్పది ఏ కేరినో మా తాత హులిగప్పది కూడా అదే కేరి. హొన్నూరప్ప మా వాడు, నేను వాళ్ళ వాడు. ఆ మాట నన్ను కూడా అనల్ల. అనే దమ్ముంటే ఇప్పుడు అనండి."

అదే మళ్ళీ కన్నడంలో చెప్పాడు. పక్కనున్న బట్టల కొట్టు అబ్బాయి నవ్వలేదు. కుర్చీ కొంచెం పక్కకు జరుపుకున్నాడు. హాల్లో, ఎప్పుడూ రాబిన్ పేరే జపించే కట్టు చెయ్యి ముసలాయన, "అట్లనా! చూస్తే అట్లోడి మాదిరి లేడే" అన్నాడు. చెయ్యి విరిగిన మనిషి కాబట్టి ఊరుకున్నాను.

"సిస్టరమ్మా, మావోడు బూట్లు ఏసుకుంటాండాడు" అంది యల్లమ్మ నా మోచెయ్యి పట్టుకుని.

హొన్నూరప్ప బౌండరీ దగ్గర కూర్చుని బూట్ల దారాలు కడుతున్నాడు. లేచి గ్రౌండులోకి నడిచాడు. తొలి బంతికే వికెట్లు ఎగిరిపోయాయని రాస్తే బాగుండును, అలా జరగలేదు. దెబ్బలు తిన్నాడు, తర్వాత కుదురుకున్నాడు, మూడు వికెట్లు తీశాడు. జట్టు మాత్రం ఓడిపోయింది. కానీ చివరి ఓవర్లో ఒక క్యాచ్ పట్టి ఊరికే నవ్వాడు. యల్లమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను దాచుకోకుండా ఏడ్చాను.

మరునాడు చర్చి నుంచి వచ్చి రాబిన్ అన్నం ముందర కూర్చున్నాడు. ఎర్రప్ప ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టకపోయినా ఆయన గొంతు ఇల్లంతా వినపడుతుంది.

"కొన్నాళ్ళు రెస్టు తీసుకో రాబినప్పా. ఆ బట్టల కొట్టు అబ్బాయే చూసుకుంటాడులే. నాకేం లేదప్పా, నీకు తెల్సు కదా. అడ్వర్టైజ్‌మెంట్ ఇచ్చేవాళ్ళు ఇబ్బంది పడతాండారు."

"హొన్నూరప్పను అంత మాటన్న దినం ఎవురూ ఇబ్బంది పడలేదు కదన్నా?"

ఎర్రప్ప నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అది జోకు కదప్పా!"

రాబిన్ ఫోన్ పెట్టేశాడు. నాకు ఎర్రప్ప ఆఫీసుకు పోయి, ఆ వైర్లన్నీ పీకి ఆయన మెళ్ళోనే వెయ్యాలనిపించింది. గది తలుపు దగ్గర నాన్న నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

"ఇందుకేరా నేను వద్దన్నది. మా నాయన్ను కూడా పత్తి మిల్లులో మొదట మంచోడే అన్నారు. యా కేరోడో తెలిసినంక, తెల్లారి రావద్దన్నారు." నాన్న ఒక అడుగు ముందుకేశారు. "నీకు ఇది తగలగూడదని నేను బతుకంతా నోరు కట్టుకుంటి."

"హొన్నూరప్పకు ఇది దినమూ ఉండేదే కద నాన్నా" అన్నాడు రాబిన్. "నాకు ఈ పొద్దే మొదలైంది."

నాన్న లోపలికి పోయి తన కంచం తెచ్చుకుని రాబిన్ పక్కన కూర్చున్నారు. నాకు చారు వడ్డించమని సైగ చేశారు.