నూనె పథ్యం

భూమికకు జ్వరం వచ్చిన పొద్దున భీమయ్య చేతిలో నూనె గరిటె ఉంది. ఆ చేతిని అతని తల్లి ముత్తక్క గట్టిగా పట్టుకుని ఉంది. కొడుకు వంచుతానంటాడు, తల్లి వంచనియ్యదు. ఈ గొడవలో పెనం మీది గుడ్డు కాస్తా మాడిపోయింది.

"జరం పిల్లకు నూనె తాపుతవార? నీకేమన్న దెయ్యం పట్టిందా?" అంది ముత్తక్క.

"నా సొంత తెలివా అవ్వా? డాక్టరమ్మ తాపమన్నది."

"జరంల గూడ తాపమన్నదా?"

జ్వరంలో ఏం చెయ్యాలో డాక్టరమ్మ చెప్పే ఉంటుంది. కానీ పథ్యం మొదలుపెట్టిన రోజు ఆమె చెప్పినవాటిలో సగమే తలకెక్కాయి, మిగతావన్నీ ఖమ్మం బస్టాండులోనే రాలిపోయాయి.

ముత్తక్కదీ తప్పేం కాదు. ములకలపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే ఆ గూడెంలో ఎవరినైనా సరే, నిద్రలో లేపి అడిగినా చెబుతారు, జ్వరం మనిషికి జావ పొయ్యాలని, నూనె, నెయ్యి, గుడ్డు వాసన కూడా తగలనియ్యకూడదని. ఆరేళ్ల భూమిక పథ్యం దీనికి తలకిందులు. అన్నం లేదు, జావ లేదు, బెల్లం లేదు, పండు లేదు. గుడ్డు, కొబ్బరి, నెయ్యి, నూనె, అవి కూడా కొలిచి పెట్టాలి. పిల్లకు మూడో ఏటినుంచి మూర్ఛలు. మందు మీద మందు మార్చినా లొంగలేదు. ఆడుకుంటూ ఆడుకుంటూ పడిపోయేది, పొయ్యి దగ్గర పడిపోయేది. ఒకసారి వాగులో పడిపోతే తల్లి పుష్పలత జుట్టు పట్టి లాగింది. చివరికి ఖమ్మంలో పిల్లల ఫిట్స్ మీద పరిశోధన చేసే డాక్టర్ మధులత దగ్గరికి చేరారు. ఆమె మందులతో పాటు ఈ కొవ్వు తిండి మొదలుపెట్టించింది. దీపావళికి ముందు ఆగిపోయిన ఫిట్స్ మిరపకోతలు వచ్చినా తిరిగి రాలేదు.

ఎందుకు ఆగాయో మాత్రం భీమయ్యకు అర్థం కాలేదు. ఆ మాటకొస్తే డాక్టరమ్మకే పూర్తిగా అర్థం కాలేదట. ఆమే చెప్పింది. "ఒంటికి అన్నం బదులు కొవ్వు ఆధారమైతే కొందరి పిల్లల్లో మెదడు కుదుటపడుతుంది భీమయ్యా. దాంతోపాటు కడుపులో ఉండే బ్యాక్టీరియా కూడా మారతాయి. ఫిట్స్ ఆగడంలో వాటి చెయ్యి కూడా ఉందేమోనని చూస్తున్నాం. ఎలుకల్లో ఉన్నట్టే కనిపించింది. పిల్లల సంగతి ఇంకా తేలలేదు."

అది తేల్చడానికే పిల్ల మలాన్ని చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఐసు పెట్టెలో పెట్టి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేవాడు భీమయ్య. పెట్టెలో ఏముందని ఎవరైనా అడిగితే చేపలనేవాడు. ఒకాయన ఏం చేపలని అడిగి, బేరానికి కూడా దిగాడు.

ఇంతవరకు బాగానే ఉంది. భీమయ్యకు చెప్పింది చెప్పినట్టు చెయ్యడం చేతనవును. కానీ ఇప్పుడు పుష్పలత ఇంట్లో లేదు. గూడెం ఆడవాళ్లతో కలిసి బోనకల్ వైపు మిరపకోతలకు పోయింది. ఈలోగా పిల్ల కాలికి ముల్లు గీరుకుపోయి, ఆ గీత వాచి, చీము పట్టి, ఒళ్లు కాలిపోతోంది.

ములకలపల్లి నుంచి మోటారు సైకిల్ మీద వచ్చే ఆర్‌ఎంపీ శివకుమార్ గాయం చూసి, చీము పట్టిందని చెప్పి, గులాబీరంగు మందు సీసా ఇచ్చాడు. భీమయ్య మూత తీసి నాలిక మీద చుక్క వేసుకున్నాడు. పాకంలా తియ్యగా ఉంది.

"సారూ, పిల్లకు తీపి వద్దన్నరు."

"తీపి తిండి వద్దన్నరు గని మందు వద్దన్నరా భీమన్నా? మందు మందే. తాపకుంటే కాలు పోతది, నీ ఇష్టం."

కాలు పోతుందన్నాక ఇంక ఇష్టమేమిటి? అయినా అనుమానం తీరక గుట్ట ఎక్కాడు. గూడెంలో సిగ్నల్ ఆ గుట్ట మీదే దొరుకుతుంది. డాక్టర్ మధులత ఫోను మోగి మోగి ఆగిపోయింది. పుష్పలతకు చేశాడు. మిరప చేలో ఉందేమో, గాలి హోరులో అరిచింది.

"అత్త చెప్పినట్టు చెయ్యకు. డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యి."

"డాక్టరమ్మ ఫోను ఎత్తుతలేదే!"

"ఎత్తేదాక చెయ్యి!"

ఎత్తేదాకా చెయ్యడానికి ఫోనులో చార్జింగు ఉండాలి కదా. దిగి వస్తూ భీమయ్య బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. తల్లి మాట వింటే ఫిట్స్ వస్తాయేమో, డాక్టరమ్మ మాట వింటే జ్వరం ముదురుతుందేమో. తెలివైన తండ్రిననుకుని మధ్యేమార్గం కనిపెట్టాడు. నూనె ఆపేశాడు, జావ కూడా పొయ్యలేదు. మందు మాత్రం శివకుమార్ చెప్పినట్టు తాపాడు. పిల్ల దాన్ని చప్పరించి పెదాలు నాక్కుంది. ఎన్నాళ్లకో నోటికి తగిలిన తీపి అది. ఇంకొంచెం అడిగింది కూడా.

మర్నాడు ఎండెక్కేసరికి భూమిక కళ్లు పైకి తేలేశాయి. చెయ్యి మెలిపడింది. దవడ బిగుసుకుంది. దీపావళికి ముందు ఉన్న పిల్లే మళ్లీ నేల మీద కొట్టుకుంటోంది. భీమయ్య ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తువాలు పెట్టి, ఆగేవరకూ అలాగే కూర్చున్నాడు. ఇన్నాళ్లూ కట్టుకున్న గోడ కళ్ల ముందే కూలినట్టయింది. ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపం వచ్చింది. కోపానికి ఒక మనిషి కావాలి.

పిల్ల మగతలోకి జారాక నీళ్ల కోసం ఇంటి వెనక్కి పోయాడు. మేకల కొట్టం వెనక, తడిక చాటున, ఒక సత్తు గిన్నె కనిపించింది. అడుగున జొన్న అంబలి ఇంకా తడిగా ఉంది. పక్కన ఆకు దొప్ప. భీమయ్య ఒళ్లు మండిపోయింది. గిన్నె తెచ్చి తల్లి ముందు విసిరేశాడు.

"పోసినవా పిల్లకు?"

"పొయ్యలే."

"ఒట్టి మాటలు చెప్పకవ్వా. ఈ గిన్నె ఎవలది?"

"నాదే."

"నీ గిన్నె ఇంట్ల ఉండక కొట్టం ఎనక ఎందుకుంటది? చాటుంగ పోసినవ్. నీ జావతోనే పిల్ల పడ్డది. పుష్పలత ఇంటికొస్తే ఏం చెప్పాలె నేను?"

ముత్తక్క నోరు తెరిచింది. చాప మీద పిల్ల కళ్లు సగం తెరిచి ఇటే చూస్తోంది. ముత్తక్క నోరు మూసుకుంది. గిన్నె తీసుకుని, చీరకొంగుతో మట్టి తుడిచి, లోపలికి పోయింది. ఆ మౌనం భీమయ్యకు ఒప్పుకోలులా కనిపించింది. వాకిట్లో తియ్యటి ఇప్పపువ్వు ఆరబోస్తే పిల్ల ఏరుకుని తింటుందని ఆ ఏడు పువ్వంతా పక్కింటి నాగక్క వాకిట్లో ఆరబోసింది ఈ ముత్తక్కే. ఆ సంగతి అతనికి అప్పుడు గుర్తు రాలేదు. కోపంలో ఉన్నవాడికి కావలసినవే గుర్తుంటాయి.

పిల్లను భుజాన వేసుకుని బయల్దేరాడు. తల్లిని రమ్మనలేదు. ఆమె గడప దాకా వచ్చి, కోయ భాషలో ఏదో గొణిగి, అడివి వైపు దండం పెట్టి నిలబడిపోయింది. జూలూరుపాడు దాటాక బస్సులో పిల్ల చెయ్యి ఒకసారి అదిరింది. అంతే, నలుగురు నాలుగు వైపులనుంచి లేచారు. తాళంచెవి పట్టించమని ఒకరు, ఉల్లిపాయ వాసన చూపమని ఒకరు. కండక్టరు తన జేబులోని తాళంచెవి తీసి ఇచ్చేశాడు కూడా. వద్దని చెప్పడానికి ఓపిక లేక భీమయ్య దాన్ని తన గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాడు.

ఖమ్మంలో మధులత పిల్లను చూసి, గాయం చీల్చి చీము తీయించి, అందులో కొంచెం పరీక్షకు పంపింది. తీపి లేని మందు రాసింది. ఎక్కించే సెలైన్‌లో గ్లూకోజు లేదని సీసా తిప్పి మరీ చూసుకుంది. అన్నీ అయ్యాక భీమయ్యను కూర్చోబెట్టింది.

"చీము అంటే ఏంటో తెలుసా భీమయ్యా? గాయంలోకి బ్యాక్టీరియా దూరితే ఒంట్లో కాపలావాళ్లు లేచి మీద పడతారు. జ్వరం కూడా ఆ కొట్లాటే. ఆ కొట్లాటలో చచ్చినవాళ్లు, వీళ్లూ వాళ్లూ కలిసినదే చీము."

భీమయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. "అయితే చీము మన దిక్కా మేడం, వాళ్ల దిక్కా?"

ఆమెకు నవ్వొచ్చింది. "రెండూ."

"కడుపుల ఉన్నయి గూడ బ్యాక్టీరియానే అంటిరి. అవి మంచియి అంటిరి. ఇప్పుడు ఈ మందు తాపితే, మనోళ్లను గుర్తుపడతదా?"

ఈసారి ఆమె నవ్వలేదు. "పట్టదు. వాటిలోనూ చాలా పోతాయి. ఆ తర్వాత ఫిట్స్ ఎలా ఉంటాయో మేమూ చూడాలి. కానీ ఈ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే పిల్ల ప్రాణానికే ముప్పు. అందుకే మందు తప్పదు."

ఇంత చదువుకున్న మనిషి కూడా తెలియదంటే, తన తెలియకపోవడానికి కొంచెం ధైర్యం వచ్చినట్టు, ఉన్న ధైర్యం పోయినట్టు, రెండూ ఒకేసారి అయ్యాయి భీమయ్యకు.

"పిల్ల ఎందుకు పడ్డది మేడం? మా అవ్వ జావ పోసింది, దానితోనే గదా?"

"పోసిందా? ఎంత?"

"పోసిందనుకుంటున్న."

"నువ్వేం పెట్టావు?"

నూనె ఆపిన సంగతి చెప్పాడు. జేబులోంచి గులాబీరంగు సీసా తీశాడు. ఆమె దాని మీద అక్షరాలు చదివి బల్ల మీద పెట్టింది.

"ఇందులో చక్కెర ఉంది. పైగా తిండి లేదు. పైగా జ్వరం, జ్వరం ఒక్కటి చాలు ఫిట్స్ రావడానికి. వీటిలో ఏదైనా కావచ్చు, అన్నీ కావచ్చు. ఇదే అని నేను చెప్పలేను. జ్వరమొస్తే నూనె తగ్గించాలో వద్దో, అది మాత్రం మమ్మల్ని అడిగి చెయ్యి. ఆ రోజు ఫోను ఎత్తలేకపోయాను, వార్డులో ఉన్నాను. ఇంకో నంబరు ఇస్తాను."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఒక కారణం దొరికితే దాన్ని నెత్తిన వేసుకునో, ఇంకొకరి నెత్తిన రుద్దో బతికేవాడు. ఇక్కడ కారణాలు గంపెడున్నాయి, ఒక్కటీ చేతికి చిక్కదు. అయినా అంబలి గిన్నె మాత్రం అతని కళ్ల ముందునుంచి కదల్లేదు.

ఆస్పత్రి నుంచి కబురంది, బోనకల్‌లో ప్యాసింజరు ఎక్కి పుష్పలత సాయంత్రానికి వచ్చింది. మిరప ఘాటు ఇంకా చీరకు పట్టే ఉంది. పిల్ల నుదురు నిమిరి, చుట్టూ చూసింది.

"అత్త ఏది?"

"ఇంటికాడ. ఆమెను తేలే. ఆమెతోనే ఇదంత. పిల్లకు చాటుంగ అంబలి పోసింది. గిన్నె నేనే చూసిన, మేకల కొట్టం ఎనక."

మంచం మీద భూమిక కళ్లు తెరిచింది. గొంతు పీలగా ఉంది, కానీ మాట స్పష్టంగానే ఉంది.

"అది నాయినమ్మ గిన్నె. నాకు పొయ్యలే."

"మరి ఆడ ఎందుకున్నది బిడ్డా?"

"నాయినమ్మ నా ముందల తినది. నేను చూస్తే నాకు గూడ తినబుద్ధయితదని. రోజు కొట్టం ఎనకకు పోయి తింటది. నేను తడికెల నుంచి చూసిన." పిల్ల తల్లి చెయ్యి పట్టుకుంది. "నేను చూసిన్నని నాయినమ్మకు చెప్పకు అమ్మా. ఏడుస్తది."

పుష్పలత మొగుడి వైపు చూసింది. భీమయ్యకు ఆ గిన్నె విసిరిన చప్పుడు మళ్లీ చెవుల్లో వినపడింది. పిల్ల వింటోందని నోరు మూసుకున్న తల్లి ముఖం కనపడింది. లేచి వరండాలోకి పోయి, గోడకు తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. తిరిగివ్వడం మరిచిన కండక్టరు తాళంచెవి ఇంకా అతని జేబులోనే ఉంది.

జ్వరం దిగి, గాయం మానుముఖం పట్టాక ఇంటికి పంపారు. ఇంకో ఐసు పెట్టె ఇచ్చారు. పిల్లకు ఫిట్స్ మళ్లీ వస్తాయో రావో ఎవరూ చెప్పలేదు. చెప్పమని భీమయ్య అడగనూ లేదు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఇంట్లో ముత్తక్క లేదు. భీమయ్యకు ఎక్కడుందో తెలుసు. కొట్టం వెనక తడిక చాటున కూర్చుని, ముందర గిన్నె పెట్టుకుని ఉంది. కొడుకును చూసి గిన్నె మీద కొంగు కప్పింది.

"పిల్ల ఎట్లుందిర?"

"మంచిగుంది. అవ్వా, తప్పయింది. నీ మీద లేనిపోనిది అన్న."

"సరే తియ్యి. నీకేం తెల్సు, నాకేం తెల్సు. పిల్ల లేచి తిరుగుతున్నదా?"

అతను జవాబు చెప్పేలోపే భూమిక కుంటుకుంటూ వచ్చింది. రెండు చేతుల్లో పళ్లెం, పళ్లెంలో నెయ్యి కారుతున్న గుడ్డు, కొబ్బరి ముక్కలు. వచ్చి నాయనమ్మ ఎదురుగా చతికిలబడి, కొంగు తొలగించి గిన్నె బయటపెట్టింది.

"తిను నాయినమ్మా," అంది. "నేను అడగ."