సగం గిన్నె టీ

పింగాణీ గిన్నెలో టీ సగానికి మించి పొయ్యకూడదు. కోడలిగా అడుగుపెట్టిన మర్నాడే అత్తయ్య నేర్పిన మొదటి పాఠం అది. కొంచెం కొంచెంగా పోస్తుంటే ‘ఇంకాసేపు కూర్చోండి’ అని మర్యాద. నిండా పోస్తే ‘తాగేసి ఇక దయచెయ్యండి’ అని. “చచ్చినా నిండా పొయ్యకే సైరా, ఇంటి పరువు పోతుంది” అంది. పన్నెండేళ్లుగా టీ నీళ్లు కాగే సమోవర్ పక్కన మోకాళ్లు ముడుచుకుని సగం సగం పోస్తూనే ఉన్నాను.

ఆ రోజూ పోస్తున్నాను. మా ఆయన చుట్టాలొచ్చారు. బయట వాన. కొండ మీద బండలు దొర్లుతున్న చప్పుడు నాకు వినబడింది. మా పాప బేగాయిమ్ వాగు దగ్గర గొర్రెపిల్లతో ఆడుతోంది. లేవబోయాను. మా ఆయన గిన్నె చాపి, “ఎక్కడికే? పెద్దవాళ్లు తాగుతుంటే మధ్యలో లేస్తావా?” అన్నాడు. కూర్చున్నాను. ఇంకో ఇద్దరికి పోశాను. బురదతో పోటెత్తిన వాగు నా ఆరేళ్ల పిల్లను తీసుకుపోయింది, ఎర్ర రబ్బరు జోళ్లలో ఒకటి మిగిల్చింది. “తల్లి కళ్లు ఎక్కడ పెట్టుకుందో!” అన్నారు ఊళ్లో. మా ఆయన కాదనలేదు. నేనూ నోరు విప్పలేదు. లేవాల్సింది. ఎవరేమన్నా లేవాల్సింది.

మందలు వేళ్లతో సహా మేసేసిన కొండ నీళ్లనెలా ఆపుతుంది? ఊరి పెద్ద మామిర్‌కుల్ తాత అందరిచేతా ఒట్టు వేయించాడు. ఆ కొండకు మంద తోలకూడదు, కంచె కట్టి వేళ్లతో మట్టిని పట్టి ఉంచే తాతలనాటి అర్చా చెట్లు మళ్లీ పెంచాలి, గేటు తీసి మంద వదిలినవాళ్లు ఇక కంచెలో కాలు పెట్టకూడదు. మగవాళ్లు కంచె కట్టి ఫొటో దిగారు. నీళ్లు మోసింది మేము. జోడు దొరికినచోట నేను నాటిన అర్చా నాలుగేళ్లకు బెత్తెడయింది. దానితో మాట్లాడతాను. పిచ్చిదాన్ననుకోండి, నాకేం! అక్కడ కూర్చుంటే వాగు వైపు నుంచి నా పిల్ల గొంతు వినబడుతుంది, “అమ్మా, ఇంకా అయిపోలేదా?” అని.

ఇవాళ పొద్దున వెళ్తే గేటు బార్లా తీసి ఉంది. లోపల మా గొర్రెలు. నా మొక్కను మొదలంటా కొరికేశాయి. మా ఆయన గుర్రం మీంచి దిగనైనా దిగలేదు.

“ఒక్కపూట మేస్తే కొండ కరిగిపోతుందా? అడిగితే గడియ వెయ్యడం నేనే మర్చిపోయానని చెప్పు. ఆడదాన్నెవరేమంటారు?”

మధ్యాహ్నానికి పెద్దలు మా ఇంటికే వచ్చారు. నేను సమోవర్ దగ్గర.

“గేటు తీసిందెవర్రా?” అన్నాడు తాత.

“ఇదే తాతా. దీని మతిమరుపు మీకు తెలియందేముంది? ఆ రోజు పిల్లనీ ఇలాగే...” అని మా ఆయన నిట్టూర్చాడు.

నిట్టూర్చాడు!

“నువ్వేనా సైరా? అలాగైతే ఇక కొండెక్కడానికి లేదు తల్లీ. ఒట్టు ఒట్టే” అన్నాడు తాత, బాధగానే.

మా ఆయన ఖాళీ గిన్నె నా వైపు చాపాడు. కళ్లతోనే, ఊఁ అను, అన్నాడు.

వాగు ఇక్కడికి చాలా దూరం. అయినా వినబడింది. అమ్మా, ఇంకా అయిపోలేదా?

గిన్నె అందుకున్నాను. సగం దగ్గర నా చెయ్యి ఆగలేదు. అంచుదాకా పోసి, చుక్క ఒలకకుండా ఆయన ముందు పెట్టాను. అత్తయ్య “అయ్యో అయ్యో” అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“గేటు తీసింది ఈయన తాతా. ఆ రోజు నన్ను లేవనివ్వనిదీ ఈయనే.”

పెద్దవాళ్ల గిన్నెల్లో ఇంకా టీ ఉంది.

“అయిపోయింది తల్లీ, వస్తున్నా” అని లేచాను.