చైర్మన్‌గారు ఇచ్చిన గంట

నేను ఒక కంచు గంటను. పగిలిన పళ్ళేలు, సొట్టలుపోయిన చెంబులు కరిగించి నన్ను పోతపోసిన కంచరి సోమాచారి మొదటిసారి మోగించి చూసి, "గొంతు బావుంది" అని మురిసిపోయాడు. ఆ మురిపెం ఆ పూటతోనే సరి. చింతలకాలువ పురపాలక సంఘంవాళ్ళు నన్ను కొని మంటలార్పే అగ్గిబండికి తగిలించారు. ఊళ్ళో ఏ గడ్డివాము అంటుకున్నా నేను గొంతు చించుకోవాలి. నన్ను విన్నవాళ్ళు గుండెలు బాదుకుంటూ పరుగెత్తేవారు. నా గొంతు విని ఒక్కరైనా సంతోషపడితే బావుండునని ఎంత ఆశగా ఉండేదో!

సైరన్ రాగానే నన్ను విప్పి మున్సిపల్ ఆఫీసు వెనక సామాన్ల గదిలో పడేశారు. మాడిపోయిన వీధిదీపాలు, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు నా ఇరుగుపొరుగు. కిటికీ అవతలే కౌన్సిల్ సమావేశాలు జరిగేవి. కంచుకంఠమంటే నాదే అనుకునేదాన్ని, మురిక్కాలవల మీద సభ్యుల పోట్లాట వినేదాకా.

ఒకరోజు ఆ సమావేశానికి పసుపులేటి రత్నమాలగారు వచ్చారు. పౌరాణిక నాటకాల్లో మగవేషాలకు ఆవిడ పెట్టింది పేరు. ఆవిడ మీసం పెట్టుకుని రాజుగా నిలబడితే ఎదురుగా కూర్చున్న మగవాళ్ళు తమ మీసాలు తడుముకునేవారట. టౌన్‌హాలును పెళ్ళిళ్ళకు అద్దెకివ్వడం మొదలయ్యాక ఆవిడ నాటక సమాజానికి చోటు పోయింది. బడి వరండాల్లో, సంత పాకల్లో ఆడుకుంటూ వస్తుంటే, ఉన్న ఒక్క గంటనూ ఎవరో ఎత్తుకుపోయారు. మూడో గంట మోగందే నాటకంవాళ్ళు తెర ఎత్తరు. అది వాళ్ళ ఆచారం. గొంతు ఉండగానే టౌన్‌హాలు వేదిక మీద ఇంకొక్కసారి పాడాలని ఆవిడకు కొండంత కోరిక. కానీ హాలు అడిగే ధైర్యం లేక, గంట అడుగుదామని వచ్చారు.

"ఒక్క గంట ఇప్పించండి బాబూ, మా ఆట మేం ఆడుకుంటాం," అన్నారు.

చైర్మన్ యడవల్లి వీరయ్యగారు బియ్యం మిల్లు మనిషి. నాటకాల సంగతి ఆయనకు అంతంతమాత్రం. "గంటేగా తల్లీ, దానికింత మొహమాటమా? ప్రతి ఆదివారం సాయంత్రం టౌన్‌హాలు ఓ గంట మీదే. అద్దె లేదు, కరెంటు మాది. మనూరి కళని మనం చూసుకోపోతే ఎవరు చూస్తారు?" అన్నారు. సభ్యులంతా బల్లలు చరిచారు. వాళ్ళందరూ ఒక్కమాట మీద ఉండటం నేను వినడం అదే మొదలు.

రత్నమాలగారు నమస్కారం పెట్టి బయటికొచ్చి నా గది మెట్ల మీద కూలబడ్డారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

"ఏమైందమ్మా?" అన్నాడు వాచ్‌మన్ మస్తాన్ కంగారుగా.

"నేనడిగింది మోగే గంటయ్యా మస్తానూ. ఆయనిచ్చింది గడిచే గంట!"

మస్తాన్ పకపకా నవ్వాడు. "గంటయిందని చెప్పడానికైనా గంటుండాలి గదమ్మా," అని పెద్ద గుమాస్తాను ఒప్పించి నన్ను బయటికి తీశాడు. చింతపండుతో తోమి టౌన్‌హాలు వేదిక పక్కన వేలాడదీశాడు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. నాటకం తర్వాత హాలు పెళ్ళివాళ్ళది. గంట కాగానే నన్ను మోగించి తెర దించెయ్యాలని ఆఫీసు ఆర్డరు. మస్తాన్ మూడో గంట కొట్టగానే జనం చప్పట్లు కొట్టారు. నా గొంతుకు చప్పట్లు! కాసేపు నాకు ఒళ్ళు తెలియలేదు.

మా ఊరివాళ్ళకు పద్యం నచ్చితే "వన్స్ మోర్" అంటారు, మళ్ళీ పాడేదాకా ఊరుకోరు. అలా ఇచ్చిన గంట కాస్తా కరిగిపోయింది. కొడుకును యుద్ధానికి సాగనంపే రాజు పద్యం మిగిలే ఉంది. రత్నమాలగారు ఇన్నేళ్ళూ పాడాలని తపించింది దాన్నే. పెళ్ళివాళ్ళ బ్యాండు గేటు దగ్గరికి వచ్చేసింది. ఆవిడ నా వైపు ఒక్కసారి భయంగా చూసి పద్యం ఎత్తుకున్నారు. గొంతు మొదట జీరపోయింది, తర్వాత నిలబడింది.

మస్తాన్ నా తాడు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. ఇంతలో ముందు వరసలోంచి చైర్మన్‌గారు లేచి గబగబా వచ్చారు. అయిపోయిందనుకున్నాను.

"ఒరే మస్తానూ, ఇందాక దీన్ని కొడితేగానీ తెర లేవలేదు. ఆ రోజు ఆవిడ అడిగింది ఏ గంటరా?"

మస్తాన్ వేలితో నన్ను చూపించాడు.

చైర్మన్‌గారి ముఖం ఎర్రబడింది, ఆ వెంటనే నవ్వొచ్చేసింది. "ఓరి నా తెలివీ! పోన్లే, రెండూ ఆవిడవే," అని గొణిగి, చెయ్యి చాచి నా నాలుకను పిడికిట్లో బిగించి పట్టుకున్నారు. రెండో చేత్తో బ్యాండువాళ్ళను ఆగమన్నారు.

పద్యం ముగిసింది. "వన్స్ మోర్!" అని హాలంతా కేకలు లేచాయి. అందరికంటే గట్టిగా అరిచింది చైర్మన్‌గారే. నా నాలుక ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది. మోగడానికే పుట్టినదాన్ని, మోగనందుకు అంత సంతోషిస్తానని ఎప్పుడూ అనుకోలేదు. రత్నమాలగారు కళ్ళు తుడుచుకుని, ఊడిపోతున్న మీసం అదిమి పట్టుకుని, మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నారు.