అక్క తెర మీది గాలి

పొద్దున్నే నాన్నకు మందులు వేసి, వీపు వెనక దిండ్లు సర్ది, చెల్లెలు పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆఫీసుల్లో లినక్స్‌తో నడిచే కంప్యూటర్లు మొరాయిస్తే ఇంటినుంచే బాగుచేయడం ఆమె పని. గోడ అవతల నాన్న ఆయాసం వినిపిస్తూనే ఉండేది.

అక్క ఊరి మధ్యలో, కిటికీ లేని గదిలో ఇళ్ళ ప్లాన్లు గీసేది. కిటికీ లేని లోటు ఆమెకు తెలిసేది కాదు. నాన్న ఓపిక ఉన్న రోజుల్లో ఆమె కంప్యూటర్‌లో ఎక్కించి ఇచ్చిన పాత లినక్స్ డెస్క్‌టాప్ ఉండేది మరి. దాని మీద ఏ విండో తెరిచినా చల్లటి గాలి వచ్చేది. ప్లాన్ల కోసం వచ్చినవాళ్ళు పనైపోయినా కుర్చీలు జరుపుకుని కాసేపు కూర్చునేవాళ్ళు. పక్క షాపువాళ్ళు తడి తువ్వాళ్ళు తెచ్చి ఆరేసుకునేవాళ్ళు.

చెల్లెలికి అదే కడుపుమంట. నాన్నను చూసుకునేది తను, గాలి మాత్రం అక్కకి.

ఒకరోజు అక్క కంప్యూటర్ కాలిపోయింది. డిస్క్ ఒక్కటే మిగిలింది. దాన్ని గుడ్డలో చుట్టుకుని వచ్చింది.

"కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నానే. అందులో పాత డెస్క్‌టాప్ లేవనంటోంది. ఎలాగైనా ఎక్కించి పెట్టవే."

"ఎక్కదక్కా. తెర మీద బొమ్మ వేసే పద్ధతే మారిపోయింది. ఇప్పుడంతా వేలాండ్ అనే కొత్త పద్ధతి. నీది ఎక్స్ అనే పాత పద్ధతి కాలంనాటిది. దీని మాట దానికి అర్థం కాదు."

"నీ వల్ల కూడా కాదా?"

"కాదు," అంది చెల్లెలు, అక్క మొహం చూడకుండా.

ఆ ఉక్కలో ఇక కూర్చోలేనని, గది ఖాళీ చేసి వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుంటానని చెప్పి, డిస్క్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది అక్క.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో చెల్లెలు డిస్క్ తగిలించింది. కాకపోవడానికి ఏముంది? కొత్త తెరలో ఒక విండో తెరిచి, దాని లోపల పాత ఎక్స్‌ను నిలబెట్టి, దాని మీద ఆ డెస్క్‌టాప్‌ను లేపింది. ఐకాన్లు మొదట చీమల్లా వచ్చాయి. సైజు పెంచి ఒక ఫోల్డర్ నొక్కింది. చల్లటి గాలికి చెవుల పక్క జుట్టు లేచింది. ఇన్నేళ్ళూ ఈ సుఖమంతా అక్క ఒక్కతే అనుభవించిందా అనుకుంటే ఒళ్ళు మండింది. కనబడిన విండోనల్లా తెరిచేసింది.

గాలి తలుపు నెట్టుకుని పక్క గదిలోకి పోయింది. కాసేపటికి నాన్న ఆయాసం వినబడలేదు. చెల్లెలు పరుగెత్తింది.

నాన్న దిండ్లు పక్కకి తోసేసి, నిటారుగా కూర్చుని, నిదానంగా ఊపిరి పీలుస్తున్నాడు.

"పెద్దది వచ్చిందా?" అన్నాడు.

చురుక్కుమంది. వెళ్ళి విండోలన్నీ మూసేద్దామని గుమ్మం దాకా వచ్చి వెనక్కి చూసింది. ఆయన కాళ్ళు కిందపెట్టి చెప్పులు వెతుక్కుంటున్నాడు. తనంతట తాను లేచి ఎన్నాళ్ళయిందో.

అక్కకు ఫోన్ చేసింది.

"నీ డెస్క్‌టాప్ నడిచింది."

"కాదన్నావుగా?"

"అన్నాను. ఉద్యోగం సంగతి వదిలెయ్. కానీ ఈ డిస్క్ ఇల్లు దాటదు. కావాలంటే నీ కంప్యూటర్ పట్టుకుని నువ్వే రా."



"నా బల్ల పడుతుందా అక్కడ?" అంది అక్క.

పట్టింది. ప్లాన్లవాళ్ళు ఇప్పుడు ఇక్కడికే వస్తున్నారు. వెళ్ళేటప్పుడు వాళ్ళను నాన్న వీధి చివరిదాకా సాగనంపి వస్తున్నాడు. గాలికి ఎదురుగా ఉన్న కుర్చీ మాత్రం చెల్లెలిదే. కాస్త జరగవే అని అక్క ఎన్నిసార్లన్నా ఆమెకు వినబడదు.