ఠాణా నల్లా కింద తీజ్

చండ్రుగొండ అవతల, అడవి అంచున మా తండా. మా బోరు మోటరుకు పంచాయతీ కార్యదర్శి భాస్కర్ పట్టపగలు తాళం వేశాడు. నీటి పన్ను, దీపం పన్ను, చెత్త పన్ను అని కొత్తగా వేశారు, మేం కట్టలేదు. స్తంభానికి బల్బు లేదు. చెత్త ట్రాక్టరు కాంట్రాక్టరు ఇటుకలు మోస్తోంది. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది ఈ దొరల వరస! మాకున్నదల్లా ఆ బోరొక్కటే. దానికీ తాళం.

"సేవలు కావాల్నంటే పైసలు కట్టాలె. ఊకెనే తాగ మరిగిండ్రు," అన్నాడు భాస్కర్. అతని చేతిలో చల్లటి నీళ్ల సీసా ఉంది.

అవి తీజ్ రోజులు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి, పూటపూటకూ పాడుతూ నీళ్లు పోసి మొలకలు పెంచే పండుగ. మొలక ఎండితే తండాకు కీడని మా నమ్మకం. తాళం పడ్డ మర్నాటికే మొలకలు తలలు వాల్చాయి. మా తండా పిల్ల మంగ్లి తన బుట్ట చూసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం తండా కూడింది.

"నిమజ్జనం కాకముందే బుట్టలు మంచె దించొద్దు, భవాని తల్లికి కోపమొస్తది. ఎంతో అంత కట్టేద్దాం," అన్నాడు తండా పెద్ద, నాయక్ బద్యా.

"గియ్యాల కడితే రేపు గాలికి గూడ ఏస్తరు!" మంగ్లి నాయనమ్మ సోమ్లి లేచింది. "మంచె మీద ఎండి చచ్చిన తీజ్‌ను చూసి తల్లి మురుస్తదా? నీళ్లు ఏడుంటే తీజ్ ఆడికే పోతది. పంచాయతీ ఆఫీసుల నల్లా ఉంది గద!"

బద్యా లేచి మంచె వైపు నడిచాడు. "అవ్. పదుండ్రి. ముందుగాల నేనే దించుత," అన్నాడు.

తెల్లారేసరికి తండా అంతా బుట్టలతో పంచాయతీ ఆఫీసు ముందుంది. పిల్లలు నల్లా తిప్పి పాటెత్తుకున్నారు. భాస్కర్ ఉరికొచ్చి, "ఏందీ గలీజు?" అంటూ మంగ్లి బుట్టను బూటుకాలితో తన్నాడు. మొలకలు చెల్లాచెదురయ్యాయి. సోమ్లి అతని కాలరు పట్టింది. ఛీ, అంత అధికారమూ ముసలామె పిడికిట్లో గజగజ వణికింది! భాస్కర్ పోలీసులకు ఫోన్ చేశాడు. అంబులెన్సును పిలిస్తే మాకు పొద్దుగూకుతుంది. జీపు మాత్రం జల్దీ వచ్చి సోమ్లిని ఎక్కించుకుపోయింది.

బుట్టలు నెత్తిన పెట్టుకుని మేమూ ఠాణాకు నడిచాం. మంగ్లి తాను ఏరి తెచ్చిన మొలకలను మళ్లీ మన్నులో గుచ్చి, ఆవరణలో ఉన్న నల్లా కింద పెట్టింది.

"బంద్ చెయ్! నీ అబ్బ సొమ్మా?" ఎస్సై అరిచాడు.

"మా అందరి అబ్బల సొమ్మే సారూ. మీ ఠాణా నీటి పన్ను కట్టిన రశీదు చూపియ్యి, బంద్ చేస్త," అంది మంగ్లి.

ఎస్సై రైటరు వైపు చూశాడు. రైటరు గోడ వైపు చూశాడు. పాపం, గోడ దగ్గరా రశీదు లేదు.

లాకప్పులోంచి సోమ్లి పాటందుకుంది.

"మా నాయనమ్మను ఇడవాలె, బోరు తాళం తియ్యాలె. అందాంక తీజ్ ఈడనే," అంది మంగ్లి. మేమంతా ఆమె చుట్టూ కూర్చున్నాం.

పొద్దు వాలే వేళకు రోడ్డు మీంచి ఇంకో పాట వినిపించింది. ఎస్సై గేటు దాకా వెళ్లి చూశాడు. పక్క తండాల ఆడపిల్లలు నెత్తిన బుట్టలతో బారులు తీరి వస్తున్నారు. వాళ్ల బోర్లకూ తాళాలు పడ్డాయి మరి.