కరెంటు పోని రోజు

నోరీన్ పెట్టెలో ముందు ఉన్ని మేజోళ్ళు పెట్టింది. వాటి మీద వేడినీళ్ళ రబ్బరు సంచీ, దాని మీద చొక్కాలు. నేను మంచం అంచున కూర్చుని ఆ చొక్కాలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ అలమరలో పెడుతున్నాను.

"ఏమే ఎనిడ్, నువ్విలా తీస్తుంటే నేను క్రిస్మస్ దాకా సర్దుతూనే ఉంటా."

"ఆ వాగ్గా ఊళ్ళో ఇంతకంటే చలి."

"అయితేనేం, మా తమ్ముడింట్లో హీటరూ కెటిలూ ఒకేసారి నడుస్తాయి. రాజభోగం!"

నిన్న ఆవిడ ఉడికించిన బంగాళాదుంపలు కోటు జేబుల్లో వేసుకుని టీవీ చూసింది. చేతులు వెచ్చబడ్డాక ఒకదానికి ఉప్పద్దుకుని తినేసింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి.

మేముండే ఈ చిన్నిళ్ళ పార్కులో ఇల్లు మనది, నేల పార్కు యజమానులది. కరెంటు కూడా వాళ్ళ దగ్గరే కొనాలి. ఒక్కో స్తంభానికి ఆరిళ్ళు. అందరి హీటర్లూ వెలుగుతుండగా కెటిళ్ళు కూడా పెట్టామా, నిమిషంలో అన్నీ ఆరిపోతాయి. స్తంభం మీది ఫ్యూజు పెట్టె తాళంచెవి మేనేజరు కెల్విన్ దగ్గర ఉంటుంది. కెల్విన్ ఎప్పుడు చూసినా చేపలు పట్టడానికి పోయి ఉంటాడు. అందుకని మాలో మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. కెటిల్ పెట్టేవాళ్ళు వరండాలో గిన్నెలు తుడిచే తువ్వాలు వేలాడదీస్తారు. అది చూసి మిగతావాళ్ళు అన్నీ ఆపేస్తారు. పదకొండేళ్ళుగా ఇంతే.

ఫిర్యాదు చేస్తే, కరెంటుకేం లోటు లేదని కెల్విన్ రాసిచ్చాడు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని చట్టం పుస్తకం మూడుసార్లు చదివి, ప్రభుత్వానికి పెద్ద ఉత్తరం రాశాను. చివరికి బుధవారం పదింటికి కరెంటు చాలుతోందో లేదో కొలిచే మనిషి వస్తుందని కబురొచ్చింది.

"ఆ పిల్ల కళ్ళముందు కరెంటు పోతే కొత్త తీగ వేస్తారు, నేను ఉండిపోతా," అంది నోరీన్. "పోకపోతే రెండింటి బస్సు ఎక్కుతా."

కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకున్నది ఈ తీరం మొత్తంలో నేనొక్కదాన్నేనేమో.

మా స్తంభం ఆరిళ్ళలో ఒకడైన మర్వ్ ఒకప్పుడు ఫుట్‌బాల్ రిఫరీ. ఈల ఇంకా దాచుకున్నాడు. మొదటి ఈలకు ఆరు హీటర్లు, రెండో ఈలకు ఆరు కెటిళ్ళు అన్నాడు.

పదింటికి టెగన్ అనే అమ్మాయి కొలిచే యంత్రంతో వచ్చింది. పక్కనే కెల్విన్, మాకు నడి చలికాలమైన జూలైలో నిక్కరుతో.

మొదటి ఈల. హీటర్లు వెలిగాయి. రెండో ఈల. నేను కెటిల్ పెట్టాను. పెట్టిన చేత్తోనే, ఆలోచించకుండా, తువ్వాలు వేలాడదీశాను. తలెత్తి చూస్తే ఎదురింటి ఉనా వరండాలో తువ్వాలు! అయ్యో, పాపం ఉనా టీ పెట్టుకుంటోందని నా కెటిల్, హీటరు రెండూ ఆపేశాను. నా తువ్వాలు చూసి ఉనా తనవి ఆపేసింది. ఆరు వరండాల్లో ఆరు తువ్వాళ్ళు. ఆరిళ్ళలో ఒక్క హీటరూ వెలగట్లేదు, ఒక్క కెటిలూ కాగట్లేదు.

"ఉనా, ముందు నువ్వు కానీ!" అని అరిచాను.

"అబ్బే, నీకు మందులేసుకునే వేళ, నువ్వే కానీ!"

"ఒక్కరు కాదర్రా, అందరూ పెట్టండి!" మర్వ్ ఈల మీద ఈల ఊదాడు. తీరా చూస్తే అతని వరండాలోనూ తువ్వాలుంది.

ఇంకోసారి చేశాం. ఇంకోసారీ అంతే. మూడోసారికి టెగన్ గడియారం చూసుకుంది.

"ఇంత తక్కువ కరెంటు వాడే పార్కును నేనెక్కడా చూడలేదండీ," అని రాసుకుంది.

"చెప్పాను కదా తల్లీ," అన్నాడు కెల్విన్.

నేను నోరీన్ ఇంటికి పరుగెత్తాను. ఆవిడ కెటిల్ ముందు నిలబడి ఉంది. అదీ ఆపేసి ఉంది.

"నువ్వెందుకు ఆపావే? నీ కోసమే కదా ఇదంతా!"

"మర్వ్ తువ్వాలు కనిపించింది కదే," అంది నోరీన్. "పాపం, అతనికి పొద్దుట్నుంచీ టీ లేదు." ఇద్దరం నవ్వాం. నేను నవ్వుతూనే ఆవిడ కోటు చెయ్యి పట్టుకున్నాను.

"వదలవే, బస్సు వెళ్ళిపోతుంది. ఎండలు రాగానే వచ్చేస్తాలే."

మర్వ్ ఆవిడ పెట్టె మోశాడు. ఉనా దారికి కేకు కట్టిచ్చింది. నేను గేటు దాకా ఏమేం మర్చిపోయిందో అడుగుతూ నడిచాను. ఏమీ మర్చిపోలేదు.

నేను మళ్ళీ ఉత్తరాలు రాయగా రాయగా, మరుసటి ఏడాది మే నెలలో మా స్తంభానికి కొత్త తీగ వేశారు.

నోరీన్ పాస్కో 2019 జూలై 17, బుధవారం, రెండింటి బస్సులో వెళ్ళింది. తిరిగి రాలేదు.